ఎవరి చేతికుట్టు

"కొయ్యొద్దు అన్నయ్యా! అది నా కోటు కాదు, తీర్పుగారిది!"

వదిన మాట పూర్తయ్యేలోపే బావగారు బ్లేడు పెట్టేశారు. రెండో నంబరు కోటు లైనింగు మెడ దగ్గర్నుంచి కింది అంచుదాకా సర్రున విడిపోయింది.

షట్టరు సగం దించి ఉంది. వీధిలో నడిచేవాళ్ళ కాళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. లోపల ఆరుగురం ఉన్నాం. కటింగ్ టేబుల్‌కి ఆ చివర మామయ్య, ఈ వీధి మొత్తానికీ ఆయన మాస్టారు. ఈ చివర బ్లేడుతో ఆయన పెద్దకొడుకు, మా బావగారు. మధ్యలో రెండు చేతులూ టేబుల్ మీద చాపి అడ్డం నిలబడ్డ కూతురు, నాకు వదిన. ఇస్త్రీ బల్లకి ఆనుకుని ఆఖరివాడు, అంటే మా ఆయన. గుమ్మం దగ్గర బావగారి భార్య, నా తోడికోడలు. నేను అక్కయ్య అంటాను. ఇక నేను పెద్ద అద్దం పక్కన, ఎవరి దారికీ అడ్డం రాకుండా నిలబడి అందరి ముఖాలూ చూస్తున్నాను. ఈ ఇంట్లో నాకు అబ్బిన మొదటి విద్య అదే.

"రండి, అందరూ చూడండి," అన్నారు బావగారు లైనింగు పక్కకి తీసి.

కోటు ఛాతీ దగ్గర పైగుడ్డకీ లైనింగుకీ మధ్య గట్టి కాన్వాసు ఉంటుంది. దాన్ని చేత్తో వందల కుట్లు వేసి పట్టించాలి. ఒక్క కుట్టూ బయటికి కనపడకూడదు. కోటు ఒంటిమీద నిలిచేదీ వేలాడేదీ అక్కడే తేలిపోతుంది. మిషను మీద ఎంతటివాడైనా ఈ పని దగ్గరికొచ్చేసరికి నీళ్ళు నములుతాడు.

"కుట్టు ఎడమకి వాలింది చూశారా? ప్రతి ఐదోదీ పొట్టిగా ఉంది చూశారా? ఇది నాన్న చేయి. ముప్పై ఏళ్ళు పక్కన కూర్చుని కూడా నాకు అబ్బలేదు. దీనికి పది రోజుల్లో వచ్చేసిందా?"

"నేనే కుట్టాను," అంది వదిన.

"నువ్వా? కాజాలు కుట్టడం తప్ప ఇన్నేళ్ళలో నీ చేతికి ఏ పనిచ్చారు?"

"అదే నేనూ అడుగుతున్నాను. ఏమిచ్చారు?"

బావగారు బ్లేడు టేబుల్ మీద పడేశారు. వెంటనే గొంతు పెంచారు. "మాట తప్పించకు! పందెంలో పరాయి చేయి పడకూడదని ముందే చెప్పుకున్నాం. నాన్న చేయి కూడా పరాయిదే!"

ఆ పందెం పెట్టింది మామయ్యే. ఒకే తానులోంచి మూడు ముక్కలు కత్తిరించి ముగ్గురి ముందూ పెట్టారు. షాపుకి పాత ఖాతాదారైన తీర్పుగారి కొలతలు ముగ్గురికీ ఒకేసారి చదివారు. పది రోజులు గడువన్నారు. కోట్ల మీద పేర్లుండవు, నంబర్లే. తీర్పుగారు తొడుక్కుని చూసి ఏది బాగుందంటే అది కుట్టినవాళ్ళదే షాపు. "ఒకే గుడ్డ, ఒకే కొలత, ఒకే గడువు. ఇంతకంటే సమానం ఎక్కడుంటుంది?" అని ఆ రోజు ఆయన ఛాతీ విరుచుకున్నారు కూడా. మొన్న శనివారం తీర్పుగారు రెండో నంబరు విప్పనంటే విప్పనని అది తొడుక్కునే టీ తాగారు. అప్పట్నుంచీ ఇంట్లో ఎవరికీ తిన్నది ఒంటపట్టడం లేదు.

"పది రోజులు అందరికీ పది రోజులేనా?" అంది వదిన. "నీకు పన్నెండో ఏట కత్తెర చేతికిచ్చారు. నాకు ముప్పై ఎనిమిదో ఏట ఇచ్చారు. అయినా నేను నోరెత్తలేదు. ఇదైనా చాలనుకున్నాను. గెలిచాక ఇప్పుడు కడుపు కోసి చూస్తున్నావు."

"పన్నెండో ఏట కత్తెర ఇచ్చారట, మహా వరమిచ్చినట్టు! నా చేతిలో పుస్తకాలు లాక్కుని ఇచ్చారే, అది చెప్పవేం? మీ ఇద్దరూ కాలేజీ ముఖం చూశారు. నేను చూశానా?"

"చూసి నేను మాత్రం ఏం పీకాను," అన్నారు మా ఆయన నవ్వబోయి. ఎవరూ నవ్వకపోయేసరికి సర్దుకున్నారు. "అందుకే అంటున్నాను, ఈ పందేలన్నీ దండగ. పక్క ఫోన్ల షోరూమువాళ్ళు షాపు ఎప్పుడెప్పుడు అమ్ముతామా అని కూర్చున్నారు. అమ్మేసి మూడు సమాన భాగాలు చేసుకుంటే గొడవే లేదు."

"భాగం తీసుకుని నేనేం చేసుకోనురా?" అంది వదిన. "నాకు వాటా వద్దు. ఈ టేబుల్ కావాలి. పని కావాలి. బయట నన్నెవరు కోటు కుట్టనిస్తారు?"

ఈ పేటలో ఏ టైలరు షాపుకెళ్ళినా ఆడవాళ్ళకి ఇచ్చేది గుండీలూ కాజాలే.

బావగారు టేబుల్ చుట్టూ తిరిగి మామయ్య ఎదురుగా నిలబడ్డారు. "నాన్నా, ఒక్క మాట చెప్పు చాలు. నువ్వు చెయ్యి వేశావా, లేదా?"

మామయ్య కూతురి వైపు చూడలేదు. కొడుకు వైపూ చూడలేదు. ఎప్పట్లాగే కుడిచెయ్యి జేబులో ఉంది. ఆయన నిలబడే తీరే అంత. పెద్దమనిషి తరహా కాబోలని కాపురానికొచ్చిన కొత్తలో ముచ్చటపడ్డాను కూడా.

"సాయంత్రం నాలుగింటికి తీర్పుగారిని రమ్మను," అన్నారు చివరికి.

వేశానని చెప్పలేదు, లేదనీ చెప్పలేదు. ఏ తప్పూ చెయ్యనివాడు అలా అంటాడా అని నాకనిపించింది. అందరికీ అదే అనిపించిందని ముఖాల్లో తెలుస్తూనే ఉంది.

అక్కయ్య నా వైపు చూసి కళ్ళెగరేసింది. నేను తల తిప్పుకున్నాను. ఎందుకంటే ఈ అనుమానం బావగారి బుర్రలో పుట్టింది కాదు. శనివారం సాయంత్రం గిన్నెలు సర్దుతూ అక్కయ్యతో నేనే అన్నాను. "వదిన రోజూ మధ్యాహ్నం మామయ్యతో లోపలి గదిలో తలుపేసుకుని గంటలు గంటలు కూర్చునేది కదా, అక్కడేం జరిగేదో" అని. అన్నది అంతే. అక్కయ్య చెవిన పడ్డ మాట బావగారి దాకా చేరడానికి ఎంతసేపు?

*

మధ్యాహ్నం ఇంట్లో ఎవరి కంచం వాళ్ళు పట్టుకుని ఎవరి మూలకి వాళ్ళం వెళ్ళిపోయాం. మా ఆయన మాత్రం హుషారుగా ఉన్నారు.

"చూస్తూండు, పందెం రద్దవుతుంది. దొంగపని జరిగితే పందెం రద్దు, షాపు అమ్మి ముగ్గురికీ సమానంగా పంచాలి అని నాన్న కాగితం మీద రాయించాడు. అన్నయ్యకి అది గుర్తున్నట్టు లేదు. రెండోస్థానం కాబట్టి షాపు తనకే వస్తుందనుకుంటున్నాడు పాపం."

"మీరు గుర్తు చెయ్యలేదా?"

"నేనెందుకు చేస్తాను?"

ఆయన కుట్టిన మూడో నంబరు కోటు గురించి ఎంత తక్కువ మాట్లాడుకుంటే అంత మంచిది. అది తొడుక్కుంటే తీర్పుగారి ఒక చెయ్యి ముందుకీ ఒక చెయ్యి వెనక్కీ పోయి, పోలీసులు పట్టుకెళ్తున్నట్టు కనపడ్డారు. ప్యాంట్ల వరకూ మా ఆయన చెయ్యి మంచిదే.

"గెలిచినవాడికి అంతా, ఓడినవాడికి సున్నా అంటే న్యాయమా అది? లాటరీ," అన్నారు.

"లాటరీ అయితే మీకూ గెలిచే వీలుండేది."

"వేళాకోళం కాదు. నాన్న అందరికీ ఒకే అవకాశం ఇచ్చానంటాడు. చేతులే సమానంగా లేనప్పుడు అవకాశం సమానంగా ఇచ్చి ఏం లాభం? నేను ఈ ఇంట్లో పుట్టలేదా? చేతకానివాడికి ఆకలి వెయ్యదా? పంచితే సమానంగా పంచాలి. అంతే."

ఆ మాటలో తప్పు పట్టడానికి నాకు నోరు రాలేదు. నిజం చెప్పాలంటే పట్టాలని కూడా లేదు. రెండేళ్ళుగా మేము ఉంటున్నది సామాన్ల గదిలో. మంచం పక్కనే పాత గుడ్డల బేళ్ళు. మూడో వంతు వస్తే రెండు గదుల ఇల్లు, ఒక కిటికీ, మాదంటూ ఒక తలుపు. ఆ తలుపుకి ఏ రంగు వేయించాలో కూడా అనుకుని పెట్టుకున్నాను.

గుమ్మంలోంచి అక్కయ్య అందుకుంది. ఎంతసేపట్నుంచి వింటోందో.

"సమానమట సమానం! ముప్పై ఏళ్ళు మిషను తొక్కి తొక్కి మోకాలు అరిగిపోయిన మనిషికీ, ప్యాంటుకి జిప్పు తిరగేసి కుట్టే మనిషికీ సమానమా? అయితే గుడ్డ కూడా అలాగే పంచండి. ఒకరికి చొక్కా చెయ్యి, ఒకరికి కాలరు, ఒకరికి జేబు. ముగ్గురూ తొడుక్కుని తిరగండి."

"వదినా, ఆ జిప్పు ఒక్కసారే..." అన్నారు మా ఆయన.

"ఒక్కసారి చాలదా? పాపం ఆ మనిషి పెళ్ళిలో నిలబడే భోంచేశాడు."

ఆమె విసురుగా వెళ్ళిపోయింది. మా ఆయన చేతులు కడుక్కోవడానికి లేచారు. అప్పుడు వచ్చింది అత్తయ్య. వచ్చి, ముందు తలుపు దగ్గరికి వేసింది.

"అమ్మాయ్, నాలుగింటికి వెళ్ళేలోపు మీ మందుల షాపుకి ఒకసారి పోయి రాగలవా? నా మోకాళ్ళ మాత్రలు అయిపోయాయి."

నేను పనిచేసేది మూడో వీధి మలుపులో ఉన్న మందుల షాపులో. ఈ రెండేళ్ళలో అత్తయ్య నాతో ఒక్క మాత్ర తెప్పించుకోలేదు. ఎండనపడి ఎక్కడో బస్టాండు అవతల షాపుకి తనే నడిచిపోయేది. మోకాళ్ళ నొప్పులున్న మనిషి అంత దూరం ఎందుకు నడుస్తుందా అని నాకు ఎప్పట్నుంచో అనుమానం. కోడలి చేతి మందు తాగితే ఏమవుతుందోనని భయమేమో అనుకుని ఒకటి రెండుసార్లు కళ్ళనీళ్ళు కూడా పెట్టుకున్నాను.

"ఆ షాపువాళ్ళు ఇవాళ తియ్యలేదే," అంది నేనడక్కుండానే. ఖాళీ అట్ట నా చేతిలో పెట్టింది. మందు పేరున్న వైపు లోపలికి మడిచి ఉంది.

నేను మడత విప్పాను.

రోజూ వందల అట్టలు చూసే కళ్ళు ఇవి. మోకాళ్ళకీ దీనికీ ఏ సంబంధమూ లేదు. చేతులు వణికే జబ్బుకి వాడే మాత్రలవి. ఆ మాత్రల కోసం మా షాపుకి వచ్చేవాళ్ళు చిల్లర తీసుకునేటప్పుడు నేను నాణేలు అరచేతిలో పెట్టి వేళ్ళు మూస్తాను. లేకపోతే కింద పడిపోతాయి.

"అత్తయ్యా, ఇవి మీవి కావు."

ఆమె మంచం అంచున కూలబడింది. "చదివావన్నమాట."

"మామయ్యకి ఎన్నాళ్ళనుంచి?"

"ఆరేళ్ళు దాటింది. గట్టిగా అనకు."

ఆరేళ్ళు! జేబులోని చెయ్యి నా కళ్ళముందు మెదిలింది. కొలతలు తీసేటప్పుడు టేపు బావగారి చేతికిచ్చి తను అంకెలు చదవడం, టీ గ్లాసు అందరూ వెళ్ళాక తాగడం, అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి.

"మరి కాన్వాసు పని? షాపులో దృష్టి నిలవదని అన్నీ ఇంటికి తెచ్చుకుని..."

"మధ్యాహ్నం లోపలి గదిలో మీ వదిన కుడుతుంది. సూదికి దారం ఎక్కించడానికి వెళ్తోందని మీకందరికీ చెప్పాం. ఆయన పక్కన కూర్చుని ఇలా కాదు అలా అని చెప్పేవారు. మొదటి ఏడాది చెప్పారు. తర్వాత చెప్పేదేమీ లేకపోయింది."

"ఆరేళ్ళుగా బయటికి వెళ్ళిన కోట్లన్నీ..."

"అన్నీ దాని చేతివే. పొట్టికుట్టు కూడా అలాగే పడాలని వేలికి తూట్లు పడేదాకా నేర్చుకుంది పిచ్చిది. ఆయన చెయ్యి పోయిందని తెలిస్తే షాపుకి ఎవరొస్తారే? ఆ చెయ్యి కోసమేగా అందరూ వచ్చేది!" నా రెండు చేతులూ పట్టుకుంది. "నీకు తెలిసిందని ఆయనకి చెప్పను. నువ్వూ ఎవరికీ చెప్పకు. నీ మొగుడికి కూడా."

అప్పుడర్థమైంది మామయ్య పందెం ఎందుకు పెట్టారో. షాపు వదినకే రావాలి. కానీ ఎందుకు రావాలో చెప్పకూడదు. పేర్లు లేకుండా నంబర్లేస్తే పనే మాట్లాడుతుందనుకున్నారు. పని మాట్లాడింది కూడా. తన గొంతుతో కాకుండా ఆయన గొంతుతో మాట్లాడింది.

మాత్రలు తెచ్చి అత్తయ్య చేతికిచ్చాను. దారి పొడవునా ఒకటే లెక్క. నేను నోరు విప్పితే షాపు వదినది. మాకు ఆ సామాన్ల గదే. విప్పకపోతే మూడు భాగాలు, మా తలుపు మాకు. ఇంత తేలికైన లెక్క నా జన్మలో చెయ్యలేదు, దాని మీద ఇంత అసహ్యమూ వెయ్యలేదు.

*

నాలుగింటికి తీర్పుగారు వచ్చారు. కోర్టులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. జీవితమంతా వేరేవాళ్ళు చెప్పే తీర్పులు రాసీ రాసీ, ఇప్పుడు టీలో పంచదార దగ్గర్నుంచీ అన్నిటి మీదా తనే తీర్పు చెబుతుంటారు. అందుకే ఆ పేరు. నాలుగేళ్ళ కిందట ఇక్కడే కుట్టించిన బూడిదరంగు కోటులో వచ్చారు.

కోసిన కోటు చూసి ఆయన ముఖం మాడిపోయింది. "నా కోటు కదయ్యా ఇది!"

"మళ్ళీ కుట్టిస్తాను బాబాయిగారూ. ముందు ఆ కుట్టు చూడండి," అన్నారు బావగారు.

తీర్పుగారు కళ్ళజోడు ఎత్తి చూశారు. తర్వాత తన ఒంటిమీది కోటు ఛాతీ నిమురుకున్నారు. "చూడటానికేముంది? మాస్టారి చెయ్యే. ఇదిగో, దీంట్లోనూ ఉన్నది అదే. పదిమందికి చెప్పుకుంటాను నేను."

వదిన పెదవి కొరుక్కుంది. అది గమనించింది నేనొక్కదాన్నే.

"ఇందులో వాదన అక్కర్లేదు," అన్నారు బావగారు. రెండు కాన్వాసు ముక్కలు టేబుల్ మీద పక్కపక్కన పెట్టారు. సూదులకి దారం తనే ఎక్కించారు. "నాన్నా, నువ్వు నాలుగు కుట్లు వెయ్యి. పక్కనే చెల్లి వేస్తుంది. రెండూ వేరువేరుగా ఉంటే దొంగతనం బయటపడుతుంది. ఒకేలా ఉంటే అందరి ముందూ దాని కాళ్ళు పట్టుకుంటాను."

"భేష్!" అన్నారు తీర్పుగారు కుర్చీ దగ్గరికి జరుపుకుంటూ. "కుట్టవయ్యా మాస్టారూ. నలభై ఏళ్ళుగా తొడుక్కోవడమేగానీ నువ్వు కుడుతుంటే చూడలేదు."

షట్టరు ఇప్పుడు పూర్తిగా ఎత్తి ఉంది. ప్యాంటు తీసుకోవడానికి వచ్చిన ఇద్దరు మెట్ల మీద ఆగి లోపలికి తొంగిచూస్తున్నారు.

మామయ్య సూది వైపు చూశారు. జేబులోని చెయ్యి కదిలిందేగానీ బయటికి రాలేదు. నుదుటి మీద చెమట కనిపించింది. ఈసారి మాతోబాటు వచ్చిన అత్తయ్య చీర కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఏం నాన్నా, భయమా?" బావగారి గొంతులో విజయం తొంగిచూసింది. "కుడితే బండారం బయటపడుతుందనా?"

అంతా అదే అనుకున్నారు. ఆ మనిషి ముఖంలో ఉన్నది తప్పు చేసినవాడి భయం కాదని తెలిసినవాళ్ళం ముగ్గురం. ముగ్గురమూ ఆడవాళ్ళమే, ముగ్గురికీ నోరుంది.

వదిన టేబుల్ దగ్గరికొచ్చి రెండు సూదులూ తీసి ఒకదాని పక్కన ఒకటి పిన్నుల దిండుకి గుచ్చేసింది.

"ఆయన్ని పరీక్ష పెట్టకు అన్నయ్యా. నాన్నే కుట్టారు."

"ఏమన్నావ్?" అన్నారు తీర్పుగారు.

"కాన్వాసు నాన్న కుట్టారు. నేనే కాళ్ళావేళ్ళా పడ్డాను. అన్నయ్యకి ముప్పై ఏళ్ళ అనుభవం, నాకు పది రోజులు. సమానం ఎక్కడుంది? అందుకే నాన్న చెయ్యి అరువు తెచ్చుకుని సమానం చేసుకున్నాను."

ఎంత బాగా చెప్పిందో! నిజం కంటే నమ్మదగ్గట్టు చెప్పింది. మెట్ల మీది ఇద్దరూ కూడా తలలూపారు. నేను మామయ్య వైపు చూశాను. ఇప్పుడైనా ఆ చెయ్యి తీసి టేబుల్ మీద పెడతారని, "ఇదిగో, ఈ చెయ్యి ఆరేళ్ళుగా సూది పట్టలేదు" అంటారని చూశాను.

మామయ్య తల వంచుకున్నారు.

"విన్నారుగా?" అన్నారు బావగారు. "ఇక రెండోస్థానం నాది కాబట్టి..."

"ఆగవయ్యా," అన్నారు తీర్పుగారు. జేబులోంచి మడిచిన కాగితం తీసి గట్టిగా చదివారు. "పందెంలో దొంగపని ఏదైనా జరిగినట్టు తేలితే పందెం మొత్తం రద్దు. షాపు అమ్మి, వచ్చినదాన్ని ముగ్గురికీ సమానంగా పంచాలి. మీ నాన్న చెబితే నేనే రాశాను. ముగ్గురూ సంతకాలు పెట్టారు."

బావగారి ముఖం పాలిపోయింది. "అమ్మడమా? దొంగతనం చేసింది ఒకరైతే శిక్ష నాకా? నేను కష్టపడింది వీళ్ళిద్దరికీ పంచాలా? నా పిల్లల నోట్లో మట్టి కొట్టాలా?"

"అంటే నీకు రావాల్సినప్పుడు పందెం న్యాయం, నాకు రావాల్సినప్పుడు అన్యాయమా?" అన్నారు మా ఆయన. పొద్దుట్నుంచీ ఆ మాట కోసమే నోరు కట్టుకుని ఉన్నట్టున్నారు.

"నువ్వు మాట్లాడకు! నువ్వు కుట్టిన కోటుకి కుక్క కూడా..."

"అన్నయ్యా!" అని అరిచారు మా ఆయన.

"అవకాశం సమానంగా ఇవ్వాలయ్యా. ఫలితం మాత్రం ఎవడి చేతిలో పనితనం ఉంటే వాడిది. అదీ నా అభిప్రాయం," అన్నారు తీర్పుగారు పెన్ను తీస్తూ. "కానీ అవకాశంలోనే మోసం జరిగితే సమానంగా పంచడం తప్ప దారేముంది? కాదనేవాళ్ళెవరైనా ఉంటే ఇప్పుడే చెప్పండి."

ఒక్కొక్కరినీ పేరుపేరునా అడిగారాయన. బావగారు కాదన్నారు గానీ, కారణం అడిగితే చెప్పడానికి ఏమీ లేకపోయింది. తను తవ్వుకున్న గొయ్యే. అక్కయ్య గోడకి తిరిగి కళ్ళు తుడుచుకుంది. మా ఆయన "న్యాయం" అన్నారు. అత్తయ్య నా వైపు చూసింది. ఆ చూపులో చెప్పమని ఉందో చెప్పొద్దని ఉందో నాకు అర్థం కాలేదు.

"చిన్నకోడలా, నీ మాటేంటి?"

వదిన చేతులు టేబుల్ అంచు మీద ఉన్నాయి. ఎడమ చూపుడువేలు కొస మీద చిన్న చిన్న మచ్చలు, ఎన్నేళ్ళవో. ఆ టేబుల్ కలపని మెల్లగా నిమురుతోంది. మరో నెలలో దాన్ని షోరూమువాళ్ళు బయట పడేస్తారు.

"మూడు భాగాలే న్యాయం బాబాయిగారూ," అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినపడింది. మా ఆయన మెచ్చుకోలుగా చూశారు. ఆయన్ని నేను అంతగా ఏవగించుకున్న క్షణం ఇంకోటి లేదు. ఆయన తప్పేమీ లేదని తెలిసి కూడా.

తీర్పుగారు గొలుసుకట్టు అక్షరాలతో చకచకా రాసేశారు. మా ఆయన సంతకం పెట్టారు. బావగారు పెన్ను కాగితంలో దిగేలా పెట్టారు. వదిన మెల్లగా, గుండ్రంగా పెట్టింది. కాగితం మామయ్య ముందుకి వెళ్ళింది.

మామయ్య పెన్ను ముట్టుకోలేదు. బిల్లుల మీద ముద్రలు వేసే స్టాంపుప్యాడు ఎడమచేత్తో దగ్గరికి లాక్కుని, ఎడమ బొటనవేలు అద్ది కాగితం మీద నొక్కారు.

తీర్పుగారు ఆ వేలిముద్ర వైపు చాలాసేపు చూశారు. కోర్టులో ముప్పై అయిదేళ్ళు కాగితాలు తిరగేసిన మనిషి.

"ఏంటిది మాస్టారూ? నీ బిల్లు మీద ఆ తోక సంతకం చూసి ముచ్చటపడేవాణ్ణి. ఇవాళ వేలిముద్రేంటి?"

"కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయారు బాబాయిగారూ, అక్షరాలు ఆనట్లేదు," అంది వదిన గబగబా.

కళ్ళజోడు మామయ్య ముక్కు మీదే ఉంది.

తీర్పుగారు వదిన ముఖం చూశారు. మామయ్య జేబు చూశారు. తన కోటు గుండీలు విప్పి, లైనింగు మీద చెయ్యి పెట్టి ఏదో ఆలోచించారు. బావగారు కూడా ఇప్పుడు తండ్రి జేబు వైపే చూస్తున్నారు, కొత్త మనిషిని చూస్తున్నట్టు.

అప్పుడు తీర్పుగారు నా వైపు తిరిగారు.

"అవునమ్మా, మందుల షాపులో పనిచేసేది నువ్వే కదూ?"

"అవునండీ," అన్నాను.

"అయితే ఇలా వచ్చి కూర్చో," అన్నారాయన, కాగితాన్ని మడవకుండా పక్కన పెట్టి, ఇంకో కుర్చీ ముందుకి లాగుతూ.